మామ్మగారి అనుబంధ ప్రశ్న

ఆ రోజుల్లో నేను దేనికీ భయపడనని చెప్పుకుని తిరిగేవాణ్ణి. దేవుడికి భయపడను, దయ్యానికి భయపడను, రాహుకాలానికి అసలే భయపడను అని కాలేజీ హేతువాద సంఘం వేదికలెక్కి బల్లలు గుద్ది మరీ వచ్చినవాణ్ణి. కనిపించినదానికల్లా ‘ఆధారమేది?’ అని అడగడం వల్ల మిత్రులు నాకు ‘ఆధారం’ అనే పేరు స్థిరం చేశారు. (నా అసలు పేరు మరిచిపోయినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.) అలాంటి ఆధారం, డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు మనుషుల్ని గుంపులు గుంపులుగా ఇళ్ళకు పంపుతున్న ఆ మాంద్యం రోజుల్లో, ట్రాయ్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో కూర్చుని, పొద్దున్నే ఈమెయిల్ తెరవడానికి వణికేవాడు. మాస్టర్స్ అయిపోయింది, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు కరిగిపోతోంది. ఈలోగా ఉద్యోగం దొరకకపోతే సూట్‌కేసు సర్దుకుని విమానం ఎక్కడమే. దయ్యాలు లేవని నిరూపించగలను గానీ, ఆ గడువు లేదని ఎలా నిరూపించను?

ఆ వేసవిలో మా ఊరి తెలుగు సంఘానికి ఒక ఆలోచన వచ్చింది. పిల్లల దగ్గర కొన్ని నెలలుందామని వచ్చిన తల్లిదండ్రులకు కాలక్షేపం లేదు, మాలాంటి విద్యార్థులకు ఉద్యోగాల్లేవు. రెండు వర్గాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి నమూనా పార్లమెంటు నడిపితే బాగుంటుందనుకున్నారు. పెద్దవాళ్ళు ప్రతిపక్షం, మేము ప్రభుత్వం. నోరున్నవాడినని నన్ను ప్రధానమంత్రిని చేశారు. స్పీకర్‌గా ఒక అంకుల్‌ని పెట్టారు. ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో టీమ్ లీడ్. నా రెజ్యూమే అంతకుముందే ఆయన చేతిలో పెట్టి ఉన్నాను. “ఉందిలే బాబూ, నా దగ్గరే ఉంది. శనివారం నలుగురి ముందు ఎలా మాట్లాడతావో చూద్దాం, తర్వాత చూద్దాం,” అన్నారాయన. ఆ రెండు ‘చూద్దాం’లను పట్టుకుని వారమంతా నిద్రపోలేదు. నా మటుకు అది పార్లమెంటు కాదు, ఇంటర్వ్యూ.

సభ ఊరి లైబ్రరీ మీటింగ్ హాల్లో పెట్టారు. అంకుల్ లోపలికి రాగానే కౌంటర్ దగ్గర కూర్చున్న అమెరికన్ ఆవిడ చెయ్యి ఊపి, ఇంగ్లీషులో, “శనివారం కూడా వదలవన్నమాట!” అంది. ఈయనకు చదువు పిచ్చి కాబోలనుకున్నాను. (ఆధారం లేకుండా దేన్నీ నమ్మని నేను ఎంత సులువుగా నమ్మేశానో చూడండి.) స్పీకర్ బల్ల మీద కొట్టే సుత్తి దొరక్క ఎవరింట్లోంచో అప్పడాల కర్ర తెచ్చి ఆయన ముందు పెట్టారు.

నియమాలు ముందే చదివారు. రాసిచ్చిన ప్రశ్నలకు ప్రధానమంత్రి సిద్ధం చేసుకున్న జవాబులు చెప్పవచ్చు. ఆ తర్వాత ప్రతిపక్ష నాయకురాలు ఒక అనుబంధ ప్రశ్న వేయవచ్చు, అది ముందుగా చెప్పనక్కర్లేదు. ఒకరు నిలబడి మాట్లాడుతుంటే మిగతావాళ్ళు కూర్చోవాలి. జవాబు చెబుతున్నవాడు కూర్చున్నాడంటే జవాబు అయిపోయినట్టే. ఇంతకన్నా తేలికైన నియమం ఉండదు. నా కొంప ముంచింది అదే.

ప్రతిపక్ష నాయకురాలు స్పీకర్ అంకుల్ వాళ్ళమ్మగారు. మేమంతా మామ్మగారనేవాళ్ళం. గుడివాడ వైపు ఎక్కడో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆవిడ నేతచీర కొంగు సవరించుకుని లేవగానే నేనూ లేచి నిలబడ్డాను. నా పక్కన చీఫ్ విప్‌గా కూర్చున్న మా రూమ్మేట్, వరంగల్‌వాడు, చొక్కా పట్టి లాగాడు.

“కూసోర భయ్! ఆమె నిలవడ్డప్పుడు నువ్వెందుకు లేస్తవ్?”

కూర్చున్నాను. కందిపప్పు ధర మీద ప్రశ్న. జవాబు బాగానే మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఉండగా మామ్మగారు అభ్యంతరం చెప్పడానికి లేచారు. నా గొంతు దానంతటదే ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసి, బడిలో అలవాటైన గొంతుతో, “కూర్చో నాయనా,” అన్నారు. కూర్చున్నాను. అప్పడాల కర్ర ఠక్కున మోగింది. “ప్రధానమంత్రిగారి జవాబు ముగిసింది,” అన్నారు స్పీకర్.

రెండో ప్రశ్నకూ అదే తంతు. ఆవిడ లేవడం, “కూర్చో” అనడం, నేను కూలబడడం, కర్ర మోగడం. పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడడం బానిసత్వపు అవశేషమని అంతకు ముందే ఒక ఆవేశపూరితమైన వ్యాసం రాసి ఉన్నాను. నా మోకాళ్ళు మాత్రం ఆ వ్యాసం చదవలేదు. హాలంతా నవ్వుతోంది. నేను స్పీకర్ ముఖంలో నా ఉద్యోగం కోసం వెతుక్కుంటున్నాను.

“పోయింది రా నీ నౌకరీ,” అన్నాడు వరంగల్, నాకు ధైర్యం చెప్పే ఉద్దేశంతో.

అప్పుడు మామ్మగారు మళ్ళీ లేచారు.

“అధ్యక్షా, నాదొక అనుబంధ ప్రశ్న. ఒకింట్లో కొడుక్కి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని కారెక్కుతాడు. చీకటిపడే వేళకి వస్తాడు. అలాంటి ఇళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయని ప్రభుత్వానికి తెలుసా? తెలిస్తే, ఆ తల్లి ఏం చెయ్యాలో చెబుతుందా?”

హాలు కొంచెం సర్దుకుంది. ఆవిడ నా వైపు తిరిగారు.

“ప్రధానమంత్రి ఆధారమేదంటాడు, నాకు తెలుసు. చెబుతా విను. ఆ కొడుకు ఇదివరకు అన్నం తింటున్నంతసేపూ మేనేజర్ని తిట్టేవాడు. ఈ వేసవి మొదలైందగ్గర్నుంచీ తిట్టడం మానేశాడు. ‘కూర బాగుందమ్మా’ అంటున్నాడు. ఉద్యోగం చేసే మగాడెవడైనా ఆఫీసుని తిట్టకుండా ముద్ద మింగగలడా, అధ్యక్షా?”

ఆ రోజు అందరికన్నా ఎక్కువ నవ్వులు దీనికే వచ్చాయి. నేను కూడా నవ్వబోతూ, అనుమతి కోసం స్పీకర్ వైపు చూశాను. పైకెత్తిన అప్పడాల కర్ర అలాగే గాల్లో ఆగిపోయి ఉంది. ఆయన ముఖంలో రక్తం లేదు. కౌంటర్ ఆవిడ మాట గుర్తొచ్చింది. శనివారం కూడా! అంటే మిగతా రోజులన్నీ... నా రెజ్యూమే పెట్టిన ఆ చేతికే పని లేదు. ఇంతకాలం నేను ఎవరిని చూసి వణికానో, ఆయన నాకన్నా ఎక్కువగా వణుకుతున్నారు.

లేచాను. “ఇంట్లోనే అడగొచ్చు కదండీ, మామ్మగారూ,” అన్నాను. ‘గౌరవ సభ్యురాలు’ అనాలన్నది మరిచేపోయాను.

“అడిగాను నాయనా. ఇంట్లో వేస్తే వాయిదా పడుతోంది. అందుకే సభకి తెచ్చాను. కూర్చో.”

కూర్చోలేదు. ధైర్యం అనుకునేరు, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ప్రభుత్వాలు ఇలాంటప్పుడు చెప్పే జవాబులు చాలా చదువుకుని వచ్చాను. సంఘం వేస్తున్నాం, పరిశీలిస్తున్నాం, గత ప్రభుత్వమే కారణం. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

“తెలియదు, అధ్యక్షా,” అన్నాను. “ప్రభుత్వానికి తెలియదు. ప్రధానమంత్రికి కూడా పొద్దున లేస్తే భయంగానే ఉంటోంది.”

స్పీకర్ అప్పడాల కర్రను చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టారు. స్పీకర్ ప్రశ్నలకు జవాబు చెప్పకూడదు. ఆయన చెప్పారు.

“ఇక్కడికే వస్తున్నానమ్మా. లైబ్రరీకి. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను.”

మామ్మగారు హాలును ఒకసారి కలియజూశారు. పైన గాలి వదులుతున్న ఏసీ వైపు చూశారు.

“ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. సోమవారం స్వెట్టరు పట్టుకెళ్ళు,” అని కొడుకుతో అని, నా వైపు తిరిగారు. “కూర్చో నాయనా. జవాబొచ్చింది.”

సభ అయ్యాక పార్కింగ్ లాట్‌లో అంకుల్ నా దగ్గరికి వచ్చి, “నువ్వు రెజ్యూమే ఇచ్చినప్పుడు, నాకే ఉద్యోగం లేదని చెప్పడానికి నోరు రాలేదు బాబూ,” అన్నారు. సోమవారం నుంచి ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్ళం. క్యారేజీలు కూడా రెండు వచ్చేవి. గడువు ముగియడానికి కొద్దిగా ముందు నాకు ఇండియానాలో ఏదో దొరికింది, ఆ చలికాలంలో ఆయనకూ దొరికింది. మొదటి జీతం రాకుండానే మేనేజర్ని తిట్టడం మొదలుపెట్టాడని మామ్మగారు ఫోన్‌లో సంబరంగా చెప్పారు.

ఇప్పటికీ వేదికలెక్కుతూనే ఉన్నాను, బల్లలు గుద్దుతూనే ఉన్నాను. ఉపన్యాసం అయ్యాక వెనక వరసలో ఏ పెద్దావిడైనా ప్రశ్న వేయడానికి లేస్తే మాత్రం, బుర్రకన్నా ముందు నా మోకాళ్ళు లేస్తాయి. హేతువాద మిత్రులు చూసి నవ్వుకుంటారు. ‘కూర్చో నాయనా’ అంటుందేమోనని ఒక్క క్షణం అలాగే నిలబడి చూస్తాను. ఈ మధ్య అందరూ ‘కూర్చోండి’ అంటున్నారు.