అతుకు పక్కన విరిగింది

మా బామ్మర్ది వెల్డింగ్ చేస్తుంటే చూడటం నాకు ఒళ్లుమంట. వాడికి హోల్డరు పట్టుకోవడం నేర్పింది నేనే. పుత్తూరులో ఖాళీగా తిరుగుతుంటే, మా ఆవిడ పోరు పడలేక నేను పనిచేసే నాయుడుపేట షెడ్డుకు తెచ్చుకున్నాను. ఇప్పుడు షెడ్డులో ఎవరి నోట విన్నా వాడి మాటే. ఇంట్లో సరేసరి. "మా తమ్ముడి పని సూడు, ఎంత నిదానమో" అంటుంది మా ఆవిడ, నాకు అన్నం వడ్డిస్తూ. ముద్ద దిగుతుందా?

పలమనేరులో ఒక పాల డెయిరీకి ఆవిరి పైపుల పని వచ్చింది. ఒక్క మేస్త్రీ చాలన్నారు. షెడ్డులో పాతకాపును, నన్నే పంపుతారనుకున్నాను. మా షెడ్డు ఇంజనీరు మాత్రం, "ఇద్దురూ చెరి రెండు ప్లేటు ముక్కలు అతికించండప్పా, వంచి సూద్దాం" అన్నాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వాడికంటే ముందే ముగించాలని కరెంటు పెంచి, రెండే రెండు లావు వరుసల్లో ముక్కల మధ్య గాడి నింపేశాను. ప్లేటు ఎర్రగా కాలిపోయింది. ఆరేదాకా కూర్చునే ఓపిక ఎవడికి? మా షెడ్డులో అందరం చేసేట్టే నీళ్ల డ్రమ్ములో ముంచాను. చుయ్‌మంది. మా వాడేమో సన్నగా ఒక వరుస వేస్తాడు, చేతులు కట్టుకుని నిలబడతాడు, మళ్లీ ఇంకొకటి.

"ఏంరా, నిద్రొస్తాందా?" అన్నాను.

"సల్లారనీ బావా, తొందరేముండాది?"

ఆ నిదానం చూస్తేనే నాకు కంపరం.

ప్రెస్సులో పెట్టి వంచారు. వాడిది లాడంలా వంగింది, వెంట్రుకంత పగులు లేదు. నాది సగమైనా వంగకముందే ఫట్‌మంది. అతుకు బాగానే ఉంది, దాని పక్కన ప్లేటే విరిగింది. ఇంజనీరు విరిగిన అంచు చూపించాడు. కలకండ పగలగొట్టినట్టు పెద్ద పెద్ద పలుకులు తళతళలాడుతున్నాయి. వేడి ఎక్కువైతే ఇనుములో పలుకులు లావెక్కుతాయట, ఆపైన నీళ్లు తగిలితే పెళుసెక్కుతుందట. సన్న వరుసలు ఆగి ఆగి వేస్తే, పై వరుస వేడికి కింది పలుకులు మళ్లీ సన్నబడతాయట. పాఠం నాకు చెబుతూ వాడి భుజం తట్టాడు.

విరిగిన ముక్క సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. వాడూ వెంటే వచ్చాడు. వాకిట్లోనే మా ఆవిడ అడిగింది, "ఎవురు పాసైనారు?"

నేను నోరు తెరిచేలోగా వాడే, "ఇద్దురుమూ పాసైనామక్కా. బావకు ఈడ పనెక్కువుండాదని నన్ను పంపిస్తాండారు" అన్నాడు.

"అబ్బో, పర్లేదే నువ్వు కూడా!" అని మా ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆమె నోటి నుంచి అలాంటి మాట కోసం ఎన్నాళ్లుగా మొహం వాచిపోయి ఉన్నానో! అదీ వాడి దయేనా? అరికాలి మంట నెత్తికెక్కింది. సంచిలోంచి ముక్క తీసి ఆమె కాళ్ల ముందు పడేశాను.

"నాది ఇరిగింది. వాడు అబద్ధం సెప్తాండాడు."

ఆమె ఆ ముక్క వైపు చూడనైనా లేదు. తమ్ముడి వైపే చూసింది, మురిపెంగా.