వైకుంఠరావు కారు వెనక టైర్లు

వైకుంఠరావుకు తనకంటే పెద్ద వస్తువు కనబడితే చాలు, కొనకుండా ఉండలేడు. ఒకసారి హాల్లో పట్టనంత టీవీ కొన్నాడు. అది హాల్లో పెడితే బొమ్మలు కంటికి గుచ్చుకుంటున్నాయని, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసేవాడు. డాక్టరు రోజూ నడవమంటే ట్రెడ్‌మిల్లు కొన్నాడు. దాని మీద ఉతికిన చీరలు ఆరుతున్నాయి. కాశీబుగ్గ బజారులో టీ తాగుతూ, ఎవరూ అడక్కుండానే ఈ సంగతులన్నీ ఆయనే చెప్పేవాడు. "నాకు కొనడం వచ్చుగానీ వాడడం రాదురా" అని, ఎదుటివాళ్ళు నవ్వేలోపు తానే నవ్వేసేవాడు. అది ఆయన తెలివి. తన మీద తానే జోకులేసుకునే మనిషిని ఇంకొకడు ఏమనగలడు?

పలాసలో ఆయనకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఒక ఏడు పప్పు ధర బాగా పలికింది. ఆ ఏడే విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన నల్లటి జర్మనీ కారు ఆయన కంట్లో పడింది. మూడు వందల గుర్రాల బలమనీ, ముందు చక్రాలు దారి చూపిస్తాయి తప్ప తోసేదంతా వెనక చక్రాలేననీ బ్రోకరు చెప్పాడు. వైకుంఠరావు వంశంలో ఎవరికీ ఒక్క గుర్రం కూడా లేదు. అందుకని వెంటనే ఒప్పుకున్నాడు. వెనక టైర్లు లావుగా, ముందువి సన్నగా ఉండడం చూసి, దొరికిన టైర్లేవో తగిలించి మోసం చేస్తున్నారని కాసేపు పోట్లాడాడు కూడా. అలాంటి కార్లకు అలాగే ఉంటాయని చెప్పే ఓపిక లేక బ్రోకరు కొంచెం తగ్గించాడు. ఆ బేరం గురించి ఊళ్ళో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాడు.

తొలకరి పడిన రోజు మందస రోడ్డులో ముందు పోతున్న ఆటోను దాటబోయి యాక్సిలరేటరు కాస్త గట్టిగా తొక్కాడు. కారు వెనక భాగానికి ముందు భాగాన్ని దాటి పోదామని బుద్ధి పుట్టింది. వైకుంఠరావు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కారు రోడ్డు మీదే ఉంది గానీ, ముఖం కాశీబుగ్గ వైపు ఉంది. ఆటో అబ్బాయి దిగొచ్చి అద్దంలోంచి తొంగిచూశాడు.

"ఏటి మావా, ఎనక్కి తిప్పీసినావు? ఏదైనా మర్సిపోనావేటి?"

"ఔన్రా, పరుసు" అన్నాడు వైకుంఠరావు. పరుసు జేబులోనే ఉంది. కాళ్ళే ఎక్కడున్నాయో తెలియలేదు.

ఈ ముచ్చట మాత్రం టీకొట్టు దాకా రాలేదు. తన మీద తాను వేసుకునే జోకులు నొప్పి లేని చోట వేసుకునేవే. అసలు భయపడ్డ చోట ఆయన కూడా నోరు మెదపడు. ఆ రోజు నుంచి ముప్పై దాటించలేదు. టెక్కలిలో ఉన్న మరదలి ఇంటికి వెళ్ళాల్సి వస్తే, మోకాలు నొప్పి అని చెప్పి భార్యనే కారు తీసుకెళ్ళమనేవాడు. భార్య పేరు అప్పలనరసమ్మ. పెళ్ళైన కొత్తలో ఫ్యాక్టరీ వ్యాను మీద ఆమెకు డ్రైవింగు నేర్పింది ఈయనే. ఆమె ప్రతి గురువారం చెల్లెల్ని చూసి, అటునుంచటు సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు వెళ్ళి చేపలు తెచ్చేది. "ముప్పై దాటించకు" అని ఆయన గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. "అలగేనండి" అనేది ఆమె.

ఏడాది తిరిగేసరికి కారును చూస్తేనే వైకుంఠరావుకు చెమటలు పట్టడం మొదలైంది. బరంపురం నుంచి ఒకాయన కొంటానన్నాడు. వెనక టైర్లు గుండు అయిపోయాయి, అవి మార్పించి ఉంచండి, ఆదివారం వచ్చి తోలుకుపోతానన్నాడు. వైకుంఠరావు ఫ్యాక్టరీలోకి వెళ్ళి, గుండు పప్పునూ బద్దనూ వేరు చేయిస్తున్న భార్యతో చెప్పాడు.

"కారు అమ్మెత్తన్నాను నరసా."

ఆమె చేతిలోని పప్పు చేతిలోనే ఉండిపోయింది. "మీ ఇష్టం" అంది. పాతికేళ్ళుగా వింటున్న మాటే కాబట్టి ఆయన దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు.

హైవే పక్కన టైర్ల షాపు నాగేంద్రబాబుది. వరసకు మేనల్లుడు. అమ్మే కారుకు ఏదో ఒక చవక జత వేయించేద్దామని వెళ్ళిన వైకుంఠరావును అతను కారు వెనక్కి పిలిచాడు.

"మావా, ఈ ఎనక టైర్లు పోయిన దసరాకి నానే కదా ఏసినాను?"

"ఔను."

"ముందువి సూడు, ఇంకా మూడేళ్ళు నడుత్తాయి. ఎనకవి సూడు, తీగ బయటికొచ్చీసింది. ఇది మామూలుగా తిరిగితే అరిగిన అరుగుడు కాదు. నిలబెట్టి ఒక్క తొక్కు తొక్కితే, సక్రం నేల మీద గీరుకుంటూ పోద్ది సూడు, ఆ అరుగుడు. ఎక్కడ తోల్తన్నావేటి ఇలగ?"

షాపులో ఇద్దరు లారీ ఓనర్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన లేచి వైకుంఠరావుకు తన కుర్చీ జరిపాడు. యాభై ఆరేళ్ళలో ఆయన కోసం ఎవరూ అంత గౌరవంగా చూసి కుర్చీ వేసింది లేదు. ఆ అరుగుడు తనది కాదని చెప్పాల్సింది. కానీ కుర్చీ మెత్తగా ఉంది.

"రోడ్డు కాళీగా ఉంటే... ఏదో... ఒకోసారి" అన్నాడు.

అక్కడే ఇరుక్కున్నాడు. చవక జత చూపించమంటే నాగేంద్రబాబు తల అడ్డంగా ఊపాడు. ఆ రబ్బరు గట్టిది, నాలుగేళ్ళయినా అరగదు గానీ తడి రోడ్డు మీద పట్టు ఉండదన్నాడు. "ముసిలోళ్ళు మెల్లగా తోలుకోడానికైతే బంగారం. నువ్వు తోలే తోలుడికి తొలివానకే వరిచేల్లో ఉంటావు. అత్త నన్ను బతకనిత్తాదేటి?" అన్నాడు. ఇంకో జత మెత్తది, రోడ్డును పట్టుకుంటుంది గానీ తొందరగా అరుగుతుంది. మరొకటి వాననీళ్ళు తోసేసేలా రబ్బరులో లోతైన గాళ్ళున్నది, ఖరీదెక్కువ. చవకది కావాలంటే తాను ముసలి తోలుడు తోలుతానని ఒప్పుకోవాలి. వైకుంఠరావు రేపు చెబుతానని లేచాడు.

బయటికొచ్చాక అసలు ప్రశ్న పట్టుకుంది. తాను తొక్కలేదు. మరి తొక్కిందెవరు? టెక్కలి తోడల్లుడి మీద అనుమానం పోయింది. గురువారం గురువారం ఆ పెద్దమనిషి వదినగారిని కబుర్లలో పెట్టి కారు తీసుకుని ఊరేగుతున్నాడన్నమాట. తిన్నగా టెక్కలి వెళ్ళి అడిగితే బంధుత్వం చెడుతుంది. ముందు భావనపాడులో ఆరా తీద్దామని, అవే గుండు టైర్ల మీద ముప్పైలో బయల్దేరాడు. దారిలో కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి హారను కొట్టి మరీ ఆయన్ను దాటిపోయింది.

భావనపాడులో అప్పలనరసమ్మకు వాడుకగా చేపలిచ్చేది బొడ్డమ్మ. ఎండబెట్టిన కవ్వళ్ళ చేపలు తిరగేస్తున్నదల్లా, వెనక నుంచి దగ్గు వినబడి ఉలిక్కిపడింది.

"బాబూ, తమరా? కారొచ్చినట్టే తెల్నేదు."

"ఎందుకు తెల్నేదు? ఎదరే ఉంది కదేటి."

"అమ్మగారొత్తే ఇలగ కాదు బాబూ. ఊళ్ళోకి రాకముందే ఇనబడిపోద్ది." బొడ్డమ్మ చేతులు దులుపుకుంది. చెప్పడానికి ఆమెకు చాలా హుషారుగా ఉంది. "ఓడరేవుకని కొత్తగా ఏసినారు సూడండి పెద్దరోడ్డు, అక్కడాపుతాది. గొడ్డూ గోదా, మనిసీ మాకూ ఏటీ నేవని అటూ ఇటూ సూసుకుంటాది. అప్పుడొదుల్తాది. ఎనక సక్రాల కాడ పొగ లెగుత్తాది. మా వోళ్ళందరూ వలలు వదిలీసి సూత్తారు."

వైకుంఠరావు ఎండుచేపల తట్ట అంచు పట్టుకున్నాడు. "కారు... పక్కకి పోదా?"

"పోద్ది. పోతే మళ్ళీ తెచ్చుకుంటాది. తెచ్చుకుని నవ్వుతాది."

"నవ్వుతాదా?"

"పడీ పడీ నవ్వుతాది బాబూ. ఇంటికాడ నవ్వదేటి?"

తిరుగుదారిలో ఆయనకు ముందు కోపం వచ్చింది. నా కారు, నా టైర్లు అనుకున్నాడు. టెక్కలి వచ్చేసరికి అది అసూయ అయింది. తనను చూసి ముఖం తిప్పేసిన కారు ఆమె మాట వింటోందా అని కడుపు మండింది. హైవే ఎక్కేసరికి అదీ పోయి, బొడ్డమ్మ చివరి మాటొక్కటే మిగిలింది. అప్పలనరసమ్మ పడీ పడీ నవ్వడం తానెప్పుడు చూశాడో ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఊరందరినీ నవ్వించే మనిషి తాను. ఇంట్లో మనిషేమో నవ్వుకోవడానికి యాభై కిలోమీటర్లు వెళ్ళి వస్తోంది. ఆ కారును ఆదివారం బరంపురం పంపేస్తున్నాడు. ఆమె "మీ ఇష్టం" అంది. వైకుంఠరావుకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికెళ్ళి అడగలేకపోయాడు. మర్నాడు పొద్దున్న మాత్రం "టైర్లు సూద్దాం, నువ్వూ రా" అన్నాడు. షాపులో నిన్నటి లారీ ఓనర్లు ఉన్నారు. కుర్చీ సిద్ధంగా ఉంది.

"ఏం తేల్చినావు మావా?" అన్నాడు నాగేంద్రబాబు.

"నన్నడక్కు. అరగదీసింది నాను కాదు." వైకుంఠరావు నిలబడే ఉన్నాడు. "ముప్పై దాటితే నాకు కాళ్ళొణుకుతాయి. ఓసారి మందస రోడ్డులో అడ్డం తిరిగిపోనాను, పరుసు మర్సిపోనానని అబద్దమాడినాను. తోలీది మీ అత్త. దాన్నడుగు."

షాపు షాపంతా నవ్వింది. అప్పలనరసమ్మ నవ్వలేదు. దొంగతనం బయటపడినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లారీ ఓనరు ఈసారి కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"అమ్మీసే కారుకి ఏ టైరైతే ఏటండి? సవకవి ఎయ్యించీండి" అంది నేలచూపులు చూస్తూ.

"అమ్మటం నేదు."

"బరంపురం ఆయన వత్తానన్నాడు కదా?"

"రావొద్దని సెప్పీసినాను" అన్నాడు వైకుంఠరావు. చెప్పలేదు. షాపు వెనక్కి వెళ్ళి, గాలి మిషను పక్కన నిలబడి అప్పుడు ఫోను చేశాడు. అవతలాయన అరుపులకు "ఔనండి, నాది తప్పేనండి" అని పదిసార్లు అన్నాడు.

తిరిగొచ్చేసరికి అప్పలనరసమ్మ టైర్ల ముందు గొంతుక్కూర్చుని ఉంది. పప్పు నాణ్యం చూసే చేత్తో గాళ్ళలో వేలు పెట్టి లోతు చూస్తోంది. ఒకదాని పక్క మీద అచ్చయిన అంకెలు చదివి, ఇది తయారై రెండేళ్ళయింది, కొత్త సరుకు తియ్యమంది. మెత్త రబ్బరు చాలాసేపు నొక్కి చూసి, ఇష్టంగానే పక్కన పెట్టేసింది. వానాకాలం వస్తోంది, వాన గాళ్ళున్నవే వేయమంది. వైకుంఠరావు తానూ ఒక మాట అనాలి కాబట్టి, బాగున్న ముందు టైర్లు వెనక్కి వేసి, కొత్తవి ముందు వేస్తే ఎలా ఉంటుందన్నాడు. అత్తా అల్లుడూ తలెత్తి ఆయన వైపు జాలిగా చూశారు.

"అవి సన్నవండి. ఎనకవి లావువి. ఒకదాని సోటు ఒకటి పట్టదు" అందామె మెల్లగా.

కొత్త టైర్లు వేయించుకుని తిన్నగా భావనపాడు పోయారు. ఈసారి వైకుంఠరావు ఎడమ సీట్లో ఉన్నాడు. ఓడరేవు రోడ్డు మీద ఆమె కారు ఆపింది. సరుగుడు తోటల వైపూ సముద్రం వైపూ చూసింది.

"దిగి నిలబడతారేటి?"

"నేదు. ఉంటాను."

ఆమె తొక్కింది. వైకుంఠరావు వీపు సీటుకు అతుక్కుపోయింది. కారు తోక ఒకసారి కుడికి జారింది, ఆయన నోట్లోంచి వాళ్ళమ్మ పేరు బయటికొచ్చింది. ఆమె చేయి స్టీరింగు మీద కొంచెం తిరిగింది, అంతే, కారు మళ్ళీ తిన్నగా నిలబడింది. అప్పుడు అప్పలనరసమ్మ నవ్వింది. పైపళ్ళ చివర చిన్న సందు ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

రోడ్డు చివర ఆపి ఇంజను కట్టేసింది. సముద్రం చప్పుడు వినబడుతోంది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పనేదు?" అని అడిగాడు.

"సెబితే మీరు బజార్లో నవ్వించీసేవోరు" అంది. "నాను కోప్పడతన్నానని కాదండి. మీకు ఏది దొరికితే అది నవ్వులాటే. మీ టీవీ, మీ ట్రెడ్‌మిల్లు, నాను, ఇక రేపు ఇదీను. నాకు ఇదొక్కటీ నవ్వులాట కాదు. ఈ పొద్దు షాపులో మీరు నోరిప్పగానే అయిపోయిందనుకున్నాను. నా మీద ఏదో ఒకటి అనెత్తారనుకున్నాను. మీ మీదే ఏసుకున్నారు."

వైకుంఠరావు తల దించుకున్నాడు. షాపులో నాలుక చివర ఆమె మీద ఒక జోకు ఉండనే ఉంది. మంచి జోకు. కాళ్ళొణుకుతున్న సంగతి ముందు బయటపడిపోయింది కాబట్టి అది వెనకబడిందంతే. ఊరందరి ముందూ తనను తాను చిన్న చేసుకుంటున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. అదే నోటికి జడిసి పక్కమనిషి తన సంతోషాన్ని దాచుకు తిరుగుతోందని ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు.

ఇప్పుడు కూడా ఏదో ఒకటి అని తేలిక చేసేద్దామని నోరు తెరిచాడు. మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. అలాంటి పని చెయ్యడం ఆయనకు అదే మొదలు. అప్పలనరసమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది.

"నానెవరికీ సెప్పను" అన్నాడు. "ఇంకోసారి తొక్కు."

"భయమెయ్యదా?"

"ఏత్తాది" అన్నాడు వైకుంఠరావు, బెల్టు ఇంకొంచెం బిగించుకుంటూ.