కల్లం బయట నిలబడిన రోజు

కిందటేడు నాకు గర్భం ట్యూబులో నిలిచి, ఆ ట్యూబు పగిలింది. ఎడమ ట్యూబు తీసేశారు. చావు తప్పి బయటపడ్డాను.

ముట్టయినవాళ్లు మిరప కల్లంలో అడుగుపెడితే ఆరబోసిన కాయ తెల్లబడి తాలవుతుందని మా అత్తయ్య నమ్మకం. ఆ మూడు రోజులూ నేను అటు వెళ్లేదాన్ని కాదు. ఆపరేషనైన నాలుగు నెలలకు, కోతల కాలంలో, యాభై రోజులుగా ఒక్క పూటా మానకుండా కల్లానికి వెళ్తున్నాను. అది లెక్కపెట్టుకున్న అత్తయ్య, కాయలు ఏరే కూలీలందరికీ "మా కోడలు నెల తప్పింది" అని చెప్పేసింది. మళ్లీ ట్యూబులోనే నిలిచిందేమోనని నాకు భయం పట్టుకుంది.

మర్నాడు కాయలు తిరగేస్తుంటే పొత్తికడుపులో కుడివైపు పోటు మొదలైంది. మా ఆయన బండి మీద సత్తెనపల్లి తీసుకెళ్లాడు. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా, ఉన్న ఒక్క ట్యూబూ పోయిందనే అనుకున్నాను.

రక్తపరీక్ష, స్కానింగ్ చూసి డాక్టరమ్మ, "గర్భం లేదమ్మా. ఆ ఆపరేషన్ తర్వాత కొందరికి కొన్నాళ్లు డేట్లు అటూఇటూ అవుతాయి. నొప్పి వస్తే మాత్రం ఇలాగే వెంటనే రా" అంది.

రెండు రోజులకు ముట్టయ్యాను. లోపలికి వెళ్లకుండా కల్లం బయట నిలబడ్డాను. అత్తయ్య నన్ను చూడగానే గ్రహించింది. తిడుతుందనుకున్నాను.

"ఎండలో ఏందే ఆ నిలబడటం? వచ్చి నా పక్కన కూర్చో."

"కాయ తాలవుద్దేమో అత్తయ్యా."

"అయితే అయిద్ది. నువ్వు దక్కావు, చాల్లే."

నా డేట్లు ఇంకా కుదుటపడలేదు. ఆ పంటలో కొంత కాయ తాలైంది కూడా. అత్తయ్య మాత్రం మంచునే తిట్టింది.