సుబ్బులు ఖాళీ గంప

సూర్యలంక వెంకటసుబ్బులు మాటొస్తే చాలు, కోడలు పావని మొదట ఖాళీ గంప సంగతే ఎత్తుకుంటుంది. "ఏం మనిషండీ బాబూ మా అత్త!" అని ఇప్పటికీ కళ్లింత చేసుకుంటుంది.

తెనాలిలో సుబ్బులుకి ఇరవై రెండు వాడుక ఇళ్లు. అంటే ముప్పయ్యేళ్లుగా ఆవిడ దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర చేప కొనని ఇళ్లన్నమాట. బుధ, ఆదివారాల్లో సూర్యలంకలో ఆటో ఎక్కి, బాపట్లలో పాసింజరు రైలు పట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఆ ఇళ్లన్నీ తిరిగేది. ఆ కుటుంబానికి ఆ ఇళ్లే పొలం, ఆ ఇళ్లే ఉద్యోగం.

మొన్నటి తుఫానుకి మామ సింగరయ్య పడవ రెండు ముక్కలైంది. వలలు ఏమయ్యాయో కూడా తెలీదు. ఒడ్డున వేలంలో కొని అమ్ముదామంటే చేతిలో పైసా ఆడటం లేదు. సింగరయ్య గోడ వైపు తిరిగి పడుకున్నవాడు లేవలేదు. పావని పుట్టిల్లు రేపల్లె. "వచ్చెయ్యవే, ఇక్కడ రొయ్యల షెడ్డులో పని చూస్తాను" అని వాళ్లమ్మ రోజూ ఫోను.

అలాంటి బుధవారం పొద్దున సుబ్బులు తల దువ్వుకుని, మామూలుగానే గంప తీసింది.

"ఏంటత్తా, గంప దేనికి? చేపేదీ?"

"లేదని చెప్పి రావాలిగా."

"లేదని చెప్పడానికి తెనాలి దాకానా!"

"మసాలా నూరుకుని వాకిట్లో చూస్తుంటారే, పిచ్చిదానా. నువ్వూ రా."

పావనికి తల కొట్టేసినట్టయింది. తెనాలిలో వీధి మొదట్లోనే గంప మీద గబగబా గుడ్డ కప్పింది. సుబ్బులు ఆ గుడ్డ లాగి భుజాన వేసుకుంది. "కప్పితే ఉందనుకుంటారు. లేనప్పుడు లేదని కనపడనీ" అంది.

ప్రతి గుమ్మంలోనూ అదే మాట. "పడవ పోయిందండి. బాగుచేసుకోవాలి. అందాకా ఇంకోచోట తెచ్చుకోండి." జాలిపడి డబ్బులివ్వబోతే, చేప తెచ్చినప్పుడు ఇద్దురుగానిలెండి అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

మాణిక్యమ్మ గారింటికి వెళ్లేసరికి ఆవిడ వీధిలో కొత్తగా వెలిసిన చేపల దుకాణం సంచి తలుపు చాటుకు నెడుతోంది. లోపల చెరువు చేప. పావనికి ఒళ్లు మండింది. సుబ్బులు మాత్రం నవ్వేసింది.

"దాచడమెందుకమ్మా? ఇటివ్వండి. ఆ కుర్రాళ్లు పొలుసు సరిగా తియ్యరు."

కత్తిపీట వేయించుకుని, తన పొట్ట కొడుతున్న దుకాణం చేపని తన చేపంత శ్రద్ధగా కోసిపెట్టింది. చేతులు కడుక్కుని కాఫీ తాగి లేచింది.  పావనైతే ఆ సంచి వీధిలోకి విసిరికొట్టేది!

రెండు నెలలు అలాగే తిరిగింది మహాతల్లి. మిగతా రోజుల్లో ఊళ్లోవాళ్ల ఎండుచేపలు కూలికి ఆరబెట్టేది. తెనాలి నుంచి వచ్చిన ప్రతిసారీ గోడ వైపు తిరిగున్న మొగుడి పక్కన కూర్చుని, "ఫలానావాళ్లు అడిగారయ్యా, పడవ ఎప్పుడని" అని ఒక్కో ఇంటి పేరూ చెప్పేది. ఏడుపు లేదు, సాధింపు లేదు. ఒకరోజు సింగరయ్య లేచి కూర్చుని, ఉలి ఎక్కడుందని అడిగాడు. కొడుకు ప్రసాదూ తోడయ్యాడు. అతుకులు వేసిన పడవ, అరువు తెచ్చిన వలలతో మళ్లీ నీళ్లలోకి దిగింది.

పడవ దిగిన వారంలోనే సుబ్బులుకి మోకాలు వాచింది. ఆదివారం పావని ఒక్కతే బయల్దేరింది. వేటలో పడింది తక్కువ, గంప సగానికే వచ్చింది. నిన్న అమ్ముడుపోక ఐసులో మిగిలిన కానాగంత చేపలు నాలుగు ఉన్నాయి. పావని అత్త చూడకుండా వాటిని అడుగున సర్ది, పైన తాజావి పరిచి, గుడ్డ కప్పింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి మరి. ఎవరు చూడొచ్చారు?

మాణిక్యమ్మ గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. "గంపలో ఉన్నవన్నీ వేసెయ్, చుట్టాలొచ్చారు."

"చూసుకోరాండీ?" అంది పావని, గుడ్డ తియ్యకుండానే.

"నీ దగ్గర చూసేదేంటమ్మా! ఖాళీ గంప తెచ్చి చూపించిన మనిషి కోడలివి. మొన్ననే ఆ దుకాణం మానేశాం."

 గిన్నెలో వేసేస్తే అయిపోయేది. రైలు ఛార్జీకి పోగా బియ్యం కూడా వచ్చేవి. కానీ పావని గుడ్డ లాగి భుజాన వేసుకుంది.

"అమ్మా, అడుగున నాలుగు నిన్నటివండి. అవి మీకొద్దు." అంటూనే ఏడ్చేసింది.

మాణిక్యమ్మ గిన్నె పక్కన పెట్టి, కత్తిపీట తెచ్చి వేసింది.

"కూర్చో. మీ అత్తలాగే కొయ్యడం వచ్చా?"

"వచ్చండి" అంది పావని, కళ్లు తుడుచుకుంటూ.