నాలుగు పదిహేన్లు

పాతపట్నం కూర్మనాథం రిటైరైన తెలుగు మాస్టారు. ఛందస్సు చెప్పి బతికినా ప్రాణమంతా లెక్కల మీదే ఉండేది. దానికి కారణం అక్క చూడామణి.

వాళ్ళ ఇంట కార్తీక పౌర్ణమికి ముగ్గురు అన్నదమ్ములూ వాకిట్లో ఎవరి దీపాల త్రిభుజం వాళ్ళు పెడతారు. పైన ఒకటి, కింద రెండు, అలా ఐదు వరసలు, మొత్తం పదిహేను. తర్వాత మూడింటినీ కలిపి ఒకే పెద్ద త్రిభుజంగా పేర్చాలి. నలభై ఐదూ తొమ్మిది వరసల్లో అచ్చంగా సరిపోతాయి. ఒక్క దీపం మిగిలినా ఇల్లు చీలిపోతుందని వాళ్ళ భయం.

భర్త పోయి పుట్టింటికొచ్చిన చూడామణి తనూ ఒకటి పెడతానంది. నాలుగు పదిహేన్లు అరవై. పది వరసలు పేర్చాక ఐదు మిగిలిపోయాయి. పెద్దన్న నరసింగరావు కుదరదన్నాడు. చిన్నవాడు కూర్మనాథం ఊరుకోలేక అక్కతో అన్నాడు.

"అప్పా, నాలుగిళ్ళకీ సరిపోయే లెక్క ఏదో ఉంటాది. నేను తీస్తాను."

మాట ఇవ్వడమైతే ఇచ్చేశాడు. రెండు రెట్లు చేసినా త్రిభుజంగానే ఉండేవి మూడు, నూటఐదు దొరికాయి. మూడు రెట్లకి పదిహేను తర్వాత రెండువందల పది దొరికింది. నాలుగు రెట్లకి ఏళ్ళు గడిచినా ఒక్కటీ తగల్లేదు. ప్రతి కార్తీకానికీ చూడామణి గుమ్మంలో నిలబడి చూసేది. కూర్మనాథం మంచివాడే, కాదనను. ఆ మంచితనమంతా కాగితాల మీదే అయిపోయింది.

పోయిన ఏడు ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుతున్న కూతురు మహతి ఆ కాగితాలు చూసింది.

"నాన్నా, ఏ త్రిభుజ సంఖ్యనైనా ఎనిమిదితో గుణించి ఒకటి కలిపితే వర్గం వస్తాది. నాలుగు రెట్లు కుదరాలంటే మూడు తేడా ఉన్న రెండు వర్గాలు కావాలి. నాలుగూ ఒకటీ తప్ప అలాంటి జతే లేదు. దాని ప్రకారం పెట్టాల్సిన దీపాలు సున్నా."

కూర్మనాథానికి చాలా సిగ్గేసింది. తిన్నగా అక్క దగ్గరికెళ్ళాడు.

"అప్పా, నాలుక్కి లెక్క లేదట. ఎప్పటికీ రాదట."

చూడామణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

"మూడుకి వస్తాది కదరా. ఆ ముగ్గుర్లో నేనొకర్తిని కాకూడదేటి? ఒక్క ఏడు నీ పదిహేనూ నాకిచ్చుంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ నీకది తోసనేదేటిరా?"



ఆ పౌర్ణమికి కూర్మనాథం తన పదిహేనూ ఆమెకిచ్చాడు. అప్పటికి ఆమె మోకాళ్ళు వంగడం మానేశాయి. ఆమె కుర్చీలో కూర్చుని ఎక్కడ పెట్టాలో చెబుతుంటే, ఆయన వంగి ఒక్కొక్కటే పెట్టాడు.