గాసీరాం జీపుకు నేను బిగించిన పైపు

2017 నవంబరు పదహారో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. అరకులోని ఒక మరమ్మతుల షెడ్డులో, పాత జీపును జాకీల మీద నుంచి దించి, తాళం దాని యజమాని చేతికిచ్చాను. నా తప్పు ఆ నిమిషంలో మొదలైంది. ఆరు వారాల తరువాత నేను ఆడిన అబద్ధంతో అది తప్పు స్థాయిని దాటిపోయింది. ఎనిమిదేళ్లు ఆ అబద్ధాన్ని మోశాను. కాలం గడిస్తే అలవాటవుతుందని అనుకున్నాను. కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందువల్లనే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయడం లేదు. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమే కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. అయినా రాయలేకపోతున్నాను.

మాది అనంతగిరి మండలంలో, తారు రోడ్డు దిగి గంటన్నర నడిస్తే వచ్చే ఊరు. మా ఇంట్లో వేలిముద్రకు బదులు సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. మెకానికల్ ఇంజనీరింగులో పట్టా తెచ్చుకున్నాను. ఆడపిల్ల ఆ చదువు చదవడమేమిటని కింద విశాఖలోనూ అడిగారు, పైన మా ఊళ్లోనూ అడిగారు. పట్టా వచ్చింది గాని ఉద్యోగం రాలేదు. ఏడాది ఎదురుచూసి, అరకులో పైడిరాజు మేస్త్రి దగ్గర పనికి కుదిరాను.

మేస్త్రి శృంగవరపుకోట మనిషి. ఇరవై ఏళ్ల వయసులో కొండెక్కి వచ్చి, ఇక్కడే ముసలివారయ్యారు. ఈ కొండల్లో తిరిగే పాత జీపుల్లో ఆయన చెయ్యి పడనిది ఉండేది కాదు. అయితే నేను చేరేనాటికి ఆయన వెన్నుపూస అరిగిపోయింది. బండి కిందికి దూరలేకపోయేవారు. ఆ పని నాది. ఆయన పైన నిలబడి అడిగేవారు, నేను కింద పడుకుని చూసి చెప్పేదాన్ని. నేను చెప్పినదే ఆయన చూసినది. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి.

డీజిలు పైపు మార్చడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. రాగి పైపులో సన్నని ఇసుక నింపి, రెండు చివరలా కర్ర బిరడాలు కొట్టి, మోకాలి మీద ఆనించి వంచేవారు. ఇసుక ఉంటే వంపు దగ్గర పైపు నొక్కుకుపోదు. జీపు అడుగున దాన్ని అమర్చాక, క్లిప్పులు పూర్తిగా బిగించకముందే జీపును నేల మీదికి దింపించి, ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డ మగవాళ్లందరినీ కేకేసేవారు.

"రండర్రా, వచ్చి కూకోండి. టీ నాది."

"టిక్కెట్టెంత మేస్త్రీ? పాడేరు దాకా పోద్దా?"

"పోద్ది, నువ్వు దిగి తోస్తే."

అలా పది పదిహేను మంది ఎక్కి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ కూర్చునేవారు. అప్పుడు నేను కిందికి దూరి చూడాలి. ఖాళీ జీపు వేరు, శుక్రవారం సంత నుంచి మనుషులనూ మూటలనూ మోసుకుపోయే జీపు వేరు. బరువు పడితే స్ప్రింగుల్లాంటి కమాను పట్టీలు అణుగుతాయి, ఇరుసు పైకి వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇరుసుకు బెత్తెడు ఎడంగా కనిపించిన పైపు, బరువు మీద దాన్ని తాకవచ్చు. దీన్నే ఆయన బరువెట్టి చూడడం అనేవారు. పుస్తకాల్లో నాకిది ఎక్కడా కనబడలేదు. నిజం చెప్పాలంటే, నాకిది మోటుగా తోచేది.

గాసీరాంది పాత కాలపు జీపు. అతని తండ్రి కొన్నది. కొండ మీది నాలుగు ఊళ్లకు అదే బస్సు, అదే అంబులెన్సు. ఎక్కువమంది పట్టాలని ఎప్పుడో దాని వెనుక భాగాన్ని జానెడు పొడిగించారు. ఆ ఏడాది దాని డీజిలు పైపు రెండుసార్లు కారింది. అటువంటి జీపులకు సరిపడా వంపులు తిప్పి సిద్ధంగా అమ్మే ఉక్కు పైపుల సెట్టు ఒకటి నేను ఫోనులో చూశాను. ఇసుక అక్కర్లేదు, మోకాలు అక్కర్లేదు, పెట్టి బిగించడమే అని మేస్త్రికీ గాసీరాంకూ నచ్చజెప్పాను. అట్టపెట్టె పార్సిలులో వచ్చింది. విప్పి చూసి మేస్త్రి నవ్వారు.

"జీపుకి రెడీమేడు సొక్కా తెప్పించినావేటే గుంటా. కొలతెవుడు తీసినాడు?"

కానీ వంపు మీద వేలు పోనిచ్చి, బాగుందన్నారు. ఆయన వెక్కిరించేవారే గాని కొత్త వస్తువును చులకన చేసే మనిషి కారు. జీపును పొడిగించారు కాబట్టి పైపు ముందువైపు జానెడు తక్కువైంది. ఆ గురువారం ఉదయం ఆయన బల్ల మీద ఒక రాగి ముక్క కోసి, రెండు చివరలూ విచ్చదీసి, జాయింటు తయారు చేసి నా చేతికిచ్చారు. తరువాత కూతురిని చూడడానికి మధ్యాహ్నం రైలుకు శృంగవరపుకోట వెళ్లిపోయారు. వెళ్తూ, బరువెట్టి చూడకుండా తాళం ఇవ్వవద్దని చెప్పారు. అలాగేనన్నాను.

పైపు బిగించాను. పెట్టెలో వచ్చిన బొమ్మలో చూపిన చోటల్లా క్లిప్పు వేశాను. జీపు జాకీల మీద ఉంది, చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. ఇరుసుకూ పైపుకూ మధ్య బెత్తెడు ఖాళీ. బొమ్మలోనూ అంతే. బొమ్మలోని జీపు కొత్తదనీ, గాసీరాం జీపు కమాను పట్టీలు రెండు తరాల బరువుకు అణిగిపోయాయనీ నాకు తట్టలేదు. తట్టలేదా? తట్టి ఉంటుంది. తట్టిన దాన్ని నేను నిలబడి వినలేదు, అంతే.

ఎందుకు బరువు పెట్టి చూడలేదు? ఎనిమిదేళ్లలో ఈ ప్రశ్నకు మూడు జవాబులు చెప్పుకున్నాను. మర్నాడు సంత, గాసీరాం తొందరపడుతున్నాడు అన్నది ఒకటి. అది నాకు అనుకూలమైన జవాబు కనుక దాన్నే ఎక్కువ కాలం నమ్మాను. టీ కొట్టు దగ్గరి మగవాళ్లను నేను పిలవలేకపోయాను అన్నది రెండోది. మేస్త్రి పిలిస్తే ఆయన కోసం వస్తారు. నేను పిలిచి, వాళ్లు ఎక్కి కూర్చున్నాక, వాళ్ల కాళ్ల కింద వెల్లకిలా పడుకుంటే పైనుంచి ఏమేమి మాటలు రాలతాయో నాకు తెలుసు. ఇదీ నిజమే. కాని మూడోది ఇంకా నిజం. యంత్రం తిప్పిన వంపును టీ తాగే మనుషుల చేత పరీక్ష చేయించడం నా పట్టాకు అవమానమని నాకనిపించింది.

ఆరు శుక్రవారాలు జీపు బాగా నడిచింది. ఏడో శుక్రవారం, సంత నుంచి తిరిగి వెళ్తూ, ఊరికి ముందున్న నిటారు ఎక్కుడులో ఇంజను ఆగిపోయింది. బ్రేకు నిలవలేదు. జీపు వెనక్కి జారుతుంటే గాసీరాం దాన్ని లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు కాలువలోకి తిప్పాడు. పక్కకు ఒరిగింది. ఎవరూ చనిపోలేదు. గాసీరాం భార్య కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు గాని ఎముక వంకరగా అతికింది. అది కాఫీ పండు కోసే కాలం.

ట్రాక్టరుకు కట్టి జీపును షెడ్డుకు తెచ్చారు. సోమవారం ఉదయం నేను కిందికి దూరాను. చూడగానే తెలిసిపోయింది. ఇరుసుకు సరిగ్గా పైన, పైపు అడుగున, గోరంత మేర తోమిపెట్టినట్లు మెరుస్తోంది. దాని మధ్యలో సన్నని చీలిక. ఎక్కుడులో ఇంజనుకు డీజిలు అందకపోవడానికి కారణం అదే. జీపు ఒరిగి పడి ఉండడం వల్ల ముందున్న జాయింటు కూడా డీజిలుతో తడిసి ఉంది. కాని తప్పు ఎక్కడుందన్న దానిలో అనుమానానికి తావు లేదు. మేస్త్రి పైన నిలబడి ఉన్నారు. ఆయన చెప్పులు నాకు కనిపిస్తున్నాయి.

"ఏటే గుంటా, ఏటి కనపడతంది?"

"అంతా తడిగా ఉంది మేస్త్రీ. జాయింటు దగ్గర కూడా."

ఆయన చెప్పులు జీపు ముందువైపు రెండడుగులు జరిగాయి.

"ఆ రోజు బరువెట్టి సూసినావు కదేటి?"

"చూశాను."

"ఎంతమందిని ఎక్కించినావు?"

"పన్నెండు మందిని."

"అయితే నా జాయింటే. నా సెయ్యి తప్పినాది."

ఇంతే. పన్నెండు అన్న అంకె నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన నన్ను అనుమానించి అడగలేదు. తన జాయింటును అనుమానించే ముందు, మిగతావన్నీ ఒక్కొక్కటిగా తీసివేయడానికి అడిగారు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన చేతిని నేను విరిచాను.

ఆయన వెంటనే బయటికి వెళ్లి, టీ కొట్టు దగ్గర నలుగురూ వింటుండగా, తప్పు తనదేనని గాసీరాంకు చెప్పారు. గాసీరాం తిట్టలేదు. తల దించుకున్నాడు. పెద్దాయన తన ఎదుట అలా నిలబడడం అతనికే సిగ్గనిపించినట్లుంది. ఆ సమయంలో నేనేం చేస్తున్నానో మీకు చెప్పాలి. పైపు విప్పి, చీలిక ఉన్న చోట రంపంతో కోసి, మూడు ముక్కలు చేసి, పాత ఇనుము గోనెలో అడుగుకు తోశాను. పన్నెండు మంది అన్న మాట భయంతో నోరు జారినదని చెప్పుకోవచ్చు. మరి ఈ కోత? రంపం పెట్టే ముందు చీలిక ఎక్కడుందో వేలితో తడిమి చూసుకున్నాను.

తరువాతి నెలల్లో నేను చూసినది నన్ను వదలడం లేదు. మేస్త్రి బల్ల దగ్గర కూర్చుని అదే జాయింటును మళ్లీ మళ్లీ చేసేవారు. గాలి ఊది నీళ్ల తొట్టిలో ముంచేవారు. బుడగ వచ్చేది కాదు. ఇది బాగానే ఉంది, మరి అదెందుకు పోయినట్టు అని తనలో తాను అనుకునేవారు. లేని తప్పును వెతుకుతున్నారు. నేను రెండు గజాల దూరంలో స్పానర్లు తుడుస్తూ ఉండేదాన్ని. ఒక్క మాటతో ఆయనను ఆ తొట్టి దగ్గర నుంచి లేపగలిగేదాన్ని. వేసవి రాకముందే ఆయన షెడ్డు నాకు అప్పగించి కోటకు, కూతురింటికి వెళ్లిపోయారు. ఇంక ఈ చేతిని నమ్మలేనన్నారు.

నాకు మంచి పేరు వచ్చింది. పెద్దాయన చెయ్యి పోయిందని, చదువుకున్న గుంట ఉండబట్టి షెడ్డు నిలిచిందని అందరూ అన్నారు. విన్నాను, ఊరుకున్నాను. ఆ పేరుతోనే తరువాత శిక్షణ సంస్థలో బోధకురాలినయ్యాను. బరువు పెట్టి చూడాలని పిల్లలకు మొదటి వారంలోనే చెబుతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పను.

మౌనానికీ ఒక కారణం కల్పించుకున్నాను. ఆడగుంటని జీపు కిందికి దూరిస్తే ఇంతేనని అంటారు, నా వెనుక వచ్చే అమ్మాయిలకు దారి మూసుకుపోతుంది, కాబట్టి వాళ్ల కోసం దాస్తున్నాను అని. ఎంత చక్కని కారణమో చూడండి. ఆ అమ్మాయిలు ఎవరూ నన్ను ఈ పని చేయమని అడగలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో కోట వెళ్లాను. మేస్త్రి అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి సంతోషించి, కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. మెరుస్తున్న మచ్చ, చీలిక, కోసిన ముక్కలు, ఏదీ వదలలేదు. ఆయన చివరిదాకా విన్నారు. విన్నాక చేతికర్ర అందుకుని, మెల్లగా లేచి లోపలికి వెళ్లారు. మళ్లీ బయటికి రాలేదు. గంటసేపు చూశాను. భోజనాల వేళయింది, మీరు వెళ్లండి అని కూతురు మర్యాదగానే చెప్పింది. క్షమించమని అడగడానికి నాకు సందు దొరకలేదు. దొరికితే అడిగేదాన్నా? అడిగి ఉంటే, ముసలివయసులో ఆయన మీద మరో పని మోపినట్లయ్యేది.

తరువాతి శుక్రవారం సంతకు వెళ్లాను. ఆయన నలుగురిలో తప్పు తలకెత్తుకున్న చోటే చెప్పాలనిపించింది. గాసీరాం, అతని భార్య, టీ కొట్టు దగ్గర ఉన్న ఏడెనిమిది మంది విన్నారు. గాసీరాం భార్య వంకర మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని నన్నే చూసింది.

"ఇప్పుడు సెప్తే నా సెయ్యి సక్కనవుద్దేటి?"

కాదు అన్నాను. ఆమె మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఎవరూ నన్ను క్షమించలేదు. అయినా, చెప్పి తిరిగి వస్తుంటే, ఎనిమిదేళ్లలో మొదటిసారి నా ఊపిరి నాకు సరిగ్గా ఆడింది. దానికి నేను సిగ్గుపడాలో లేదో తెలియదు.

ఆ తరువాత మారినది ఇది. అరకులో ఆ జీపు మాట వచ్చినప్పుడు ఇప్పుడు పైడిరాజు మేస్త్రి చెయ్యి తప్పిందని ఎవరూ అనడం లేదు. నా పేరు చెబుతున్నారు.