వినకుండా రాసిన ఆర్డర్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, ఆ వానాకాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందుగా నీళ్ల చప్పుడే వినిపిస్తుంది. కాలం చివరికొచ్చినా వాన వదలలేదు, దూరాన అడవి అంతా తెల్లని పొగలో కరిగిపోయినట్టుంది, పాల్వంచలోని మా ఇంటి కిటికీ పక్కన నేను చలిజ్వరంతో వణుకుతూ పడి ఉన్నాను. ఒంటికి పట్టింది జ్వరమే గాని, లోపల అంతకంటే పాత జబ్బు ఒకటి ఉంది. దాని పేరు గర్వం.

నేను ఈ అడవి అంచున ఒక పన్నుల ఆఫీసులో అధికారిని. వ్యాపారి లెక్కల్లో తేడా కనబడితే నోటీసు ఇవ్వాలి, ఒక రోజు పెట్టి పిలవాలి, అతను చెప్పేది వినాలి, ఆ తర్వాతే ఆర్డర్ రాయాలి. చర్ల దారిలో పైపులు, మోటార్లు అమ్ముకునే వీరభద్రం అనే ఆయనకు కూడా అలాగే ఒక రోజు పెట్టాను. సరిగ్గా ఆ రోజుకు గోదావరి పొంగి దారి మునిగింది, జిల్లా అంతటా సెలవు ఇచ్చారు, మా ఆఫీసుకు తాళం పడింది, నేను ఇంట్లో కూర్చుని నా భార్య రూతు వేసిన మిరపకాయ బజ్జీలు తింటూ వాన చూస్తున్నాను.

నీళ్లు తగ్గాక ఆఫీసుకు వెళ్తే బల్ల మీద ఫైళ్ల గుట్ట, పైవాళ్ల తొందర. రానివాళ్ల ఆర్డర్లలో వాడే వాక్యాన్నే తీసి ఇందులోనూ పెట్టాను: అవకాశం ఇచ్చినా వ్యాపారి హాజరు కాలేదు అని. తేడా మొత్తానికీ పన్ను కట్టాలని రాసి సంతకం చేశాను. తర్వాతి ఫైలు తీశాను.

ఆర్డర్ అందగానే వీరభద్రం వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద, చేతిలో ఒక విన్నపం.

"సార్, గా దినం దారంత నీళ్లే. బస్సు లేదు, పడవ లేదు. జర నా మాట ఇనుండ్రి. గడువు దాటినంక నా బ్యాంకు ఖాతా ఆపితే కంపెనోళ్లు సరుకియ్యరు, దుకాణం బందైతది."

"ఆర్డర్ అయిపోయింది. అప్పీలుకు వెళ్లు."

"తప్పుంటే కడ్త సార్. ఇనకుండనే తప్పన్నరు, గదే నా బాధ."

సహోదరులారా, నా పాపం మీ దగ్గర దాచను. ఫైలు తెరవగానే కనబడే తప్పును, ఆ ఆర్డర్ రాసిన అధికారే దిద్దుకోవచ్చని చట్టంలో ఉంది. అది నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు. పక్క సీటులోని నర్సింహ నవ్వుతూ, "దిద్దినవనుకో, ఎంత ముట్టిందని అడుగుతరు. నీకెందుకన్నా గీ లొల్లి?" అన్నాడు. అదే నా భయం. సంఘంలో ముందు వరుసలో కూర్చునేవాడిని, నా పేరుకు మచ్చ రాకూడదు. విన్నపాన్ని ఫైళ్ల అడుగున పెట్టి ఊరుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు జ్వరం వచ్చింది. నిద్రో మెలకువో తెలియని ఒక మధ్యాహ్నం మా ఆఫీసు కనబడింది. గది నిండా నీళ్లు. కిటికీలోంచి టేకాకులు ఒక్కొక్కటే తేలుతూ లోపలికి వస్తున్నాయి, బల్లలు మెల్లగా తిరుగుతున్నాయి, ఛాతీ దాకా నీళ్లలో నిలబడి వీరభద్రం నా కుర్చీ వైపు చూస్తూ "సార్" అంటున్నాడు. కుర్చీ ఖాళీ. ఎక్కడి నుంచో ఒక స్వరం నన్ను పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నావని మెత్తగా అడిగింది. జవాబు చెబుదామంటే నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు.

కళ్లు తెరిస్తే రూతు నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. "ప్రభువు నా దగ్గరికి వస్తలేడు" అన్నాను.

"ఆయనొచ్చినప్పుడు నువ్వు ఉండాల్సిన చోట ఉన్నవా?" అంది తను. ఆర్డర్ సంగతి ఆమెకు తెలియదు.

అప్పుడు అర్థమైంది. ఆ రోజు వీరభద్రం ఈదుకుంటూ వచ్చినా, తాళం పడ్డ ఆఫీసులో నేను లేను. అన్నీ ఎరిగిన దేవుడే ఏదెను తోటలో ఆదామును ముందు పిలిచి, ఎక్కడున్నావని అడిగి, విన్న తర్వాతే తీర్పు చెప్పాడు. ఏమీ ఎరగని నేను అడగకుండానే రాశాను. దిండులో ముఖం పెట్టి ఏడ్చాను.

"ప్రభువా, ఆయన రాలేదని రాశాను, రానివాడిని నేనే. నా పేరు పోతే పోనీ. నా చేత్తో రాసింది నా చేత్తోనే దిద్దే ధైర్యం ఇవ్వు."

జ్వరం మందులకే తగ్గింది, దాన్ని అద్భుతమని చెప్పను. లేచి నడవగలిగిన రోజే ఆఫీసుకు వెళ్లాను. నేను పెట్టిన తేదీ సెలవు దినమని, తప్పు నాదని రాసి, ఆ ఆర్డర్‌ను రద్దు చేసి, వీరభద్రాన్ని మళ్లీ పిలిచాను. ఖాతా ఆగకముందే ఆ పని జరిగింది. ఆయన చెబుతుంటే పెన్ను పక్కన పెట్టి విన్నాను. తేడాలో చాలావరకు కంపెనీకి వాపసు పోయిన సరుకుదే, దానికి పన్ను రాదు, కొంత మాత్రం నిజంగా కట్టవలసిందే. దానికి కొత్త ఆర్డర్ రాశాను.

"పన్ను పడ్డదని బాధ లేదు సార్. గిట్ల కూసొబెట్టి అడిగిండ్రు, గది సాలు" అని ఆయన వెళ్లిపోయాడు.

నర్సింహ నన్ను చూసి, "ఏందన్నా, గాయన చాయ్ అన్నా తాపిండా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు నోళ్లకు భయపడి బతికిన నేను ఆ నవ్వులో హాయిగా కూర్చోగలిగాను, అదే నా విడుదల. అందులో నాది ఏమీ లేదు, దేవునికే మహిమ.

సహోదరులారా, సహోదరీలారా, మీరూ ఇంట్లోనో పనిలోనో ఎవరినైనా అడగకుండానే దోషి అనేసి ఉంటే, వెళ్లి వాళ్లను కూర్చోబెట్టి వినండి. మిమ్మల్నే ఎవరూ వినలేదన్న బాధ ఉంటే, దాన్ని యేసయ్యకు చెప్పుకోండి. నమ్మి నోరు తెరవండి. నాలాంటివాడి మాట కూడా మధ్యలో తుంచకుండా చివరిదాకా విన్నాడు, మీ మాటా వింటాడు.